బంతిలో వలపక్షం

పదహారేళ్లుగా మందుల గది తాళం
నా మొలతాడుకే ఉంది.
కాలవ పక్క గది, రోహిణి కార్తెలో కూడా
అట్టపెట్టెల అడుగున చెమ్మ.
నెల మొదటి సోమవారం
వార్డుల నంబర్లు సుద్దతో నేల మీద రాసి
కుప్పలు పోస్తాను.
ఓఆర్ఎస్ పొట్లాలు, ఐరన్ బిళ్లలు, షుగరు మాత్రలు.
మొగల్రాజపురానికి ఎన్నో
చిట్టినగర్ కొండకూ అన్నే.
ఒక్క స్ట్రిప్పు అటూ ఇటూ కానిచ్చింది లేదు.
ఆడిటుకొచ్చినాయన రిజిస్టరు మూసి
"పెళ్లి బంతిలో వడ్డించినట్టుందయ్యా" అన్నాడు ఓసారి.
ఆ మాట ఇంట్లో మూడ్రోజులు చెప్పుకున్నాను.

సలోమికి చెబితే నవ్వలేదు.
కొండ వార్డు నర్సమ్మ.
టీకాల డబ్బా మోసీ మోసీ
ఎడమ భుజం కాస్త కిందికి దిగింది.
"మెట్లెన్నో తెలుసా సారూ?"
నాకెట్లా తెలుస్తుంది,
నా రిజిస్టర్లో మెట్లకు గడి లేదు.
"రెండొందల పదకొండు.
మొన్నటి వానకి ఐదు జారిపోయినయ్,
ఇప్పుడు రెండొందల ఆరు.
తగ్గినయ్యని సంతోషపడకండి."

కింద కడుపు చెడితే
లిఫ్టు దిగితే చాలు, వీధికి మూడు క్లినిక్కులు.
పైన కొళాయి
తెల్లారుజామున మూడింటికి
దగ్గినట్టు దగ్గి, రెండు బిందెలు కక్కి
ఊరుకుంటుంది.
"మీరు నేల మీద పంచుతారు,
నేను ఎత్తు మీద పంచాలి" అంది.

ఒక మంగళవారం ఆమె వెనకాలే ఎక్కాను.
తొంభయ్యో మెట్టు దగ్గర
ఎవరిదో గడపలో కూలబడ్డాను.
లోపల ఇద్దరు పిల్లలు.
చిన్నాడి కళ్లు గుంటలు పడ్డాయి,
తల్లి వాడి తల మోకాలి మీద పెట్టుకుని
ఉన్న ఒక్క పొట్లం కలిపి
చెంచా చెంచా వాడికే పోస్తోంది.
పెద్దాడు కాలు నేలకేసి కొట్టి ఏడుస్తున్నాడు
"నాకేదీ? నాకేదీ?"
వాడి మాటలో తప్పేం లేదు.
అచ్చం నా రిజిస్టరు మాట్లాడినట్టే ఉంది.
ఆమె వాడికి సర్దిచెప్పను కూడా లేదు.

మరుసటి నెల సుద్ద పట్టుకుంటే
చెయ్యి వేరేగా నడిచింది.
కొండకు పాతిక,
మొగల్రాజపురానికి నాలుగు.
ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది,
అదీ నిజమే.

ఇరవయ్యో తారీకున
ఖాళీ స్ట్రిప్పు చేత్తో పట్టుకుని
గుమ్మంలో నిలబడ్డాడు దాలినాయుడు.
ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్,
సిక్కోలు వైపు మనిషి.
"మా వార్డుల అయిపోనాయట బాబూ.
కలిగినోల్ల వార్డుకి తక్కువే వొస్తాయట గదా?"
పాదానికి గుడ్డ కట్టు,
దాని మీద ఈగ.
పడుకునేది ఎక్కడని అడిగాను.
"సెల్లార్ల, మోటారు పక్కన."
ఎన్ని మెట్లని అడిగాను, ఎందుకడిగానో.
"పద్నాలుగు బాబూ. కిందకి."

వార్డు పేరు చూసి కోశాను.
కోత పడింది
ఆ వార్డు కింద నిద్రపోయేవాడి మీద.
కొండ కుప్పలోంచి మూడు స్ట్రిప్పులు తీసిచ్చాను.
సలోమికి ఇంతవరకూ చెప్పలేదు.

ఈసారి ఆడిటుకొచ్చినాయన
పేజీ మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు.
"ఇదేంటయ్యా, బంతిలో వలపక్షం?"
అవునండీ అన్నాను.
ఆకలి సమానంగా లేని బంతండీ, అని కూడా
అనాలనుకున్నాను,
నోరు రాలేదు.
"మరి అంకెలన్నీ పెన్సిలుతో ఎందుకు?"

ఎవరికి ఎంతో
ఇంకా తెలుసుకుంటున్నానండీ.
రబ్బరు కూడా
ఈ సొరుగులోనే ఉంది.